కొండ దాటిన గాలి

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు" అని మా అవ్వ తరచుగా అనేది. అనంతపురం జిల్లాలో పుట్టినవారికి ఈ సామెతను ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. అక్కడ మొదటిది జరగకపోతే రెండవది జరుగుతుందేమోనన్న దిగులు ప్రతి ఏడూ మృగశిరకు మొదలై, ఆరుద్ర దాటేదాకా ఇంట్లో తిరుగుతూ ఉంటుంది.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్న ఏడు జూన్ చివర ఒక రాత్రి చిన్న వాన కురిసింది. నేల పైపైన తడిసింది. విత్తనం వేయడానికి పదును చాలుతుందా చాలదా అన్నది ఊరంతటికీ ప్రశ్న. ఇంకొక్క వాన వెంటనే పడితే చాలు, పడకపోతే విత్తిన శనక్కాయ భూమిలోనే మాడిపోతుంది. మా నాయన గొర్రు సిద్ధం చేసుకుని, అరుగు మీద దినపత్రిక చదువుతున్న నా వైపు తిరిగి, "ఏమంటాదిరా పేపరు?" అని అడిగాడు. పత్రికలో "రాయలసీమలో అక్కడక్కడ వర్షాలు పడవచ్చు" అని ఉన్నది. నేను, "వాన పడుతుందంట నాయనా" అన్నాను. చదువుకున్న కొడుకు మాట కదా! ఆ పూటే విత్తనం వేశారు. ఆ తరువాత ఇరవయ్యారు రోజులు ఆకాశంలో మబ్బు పొడ కూడా కనబడలేదు. వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్న విత్తనం మట్టిపాలయింది.

మా నాయన నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. పత్రికనూ అనలేదు. కాని ఆనాడు నేను చేసిన తప్పు ఏమిటో నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. పత్రిక అబద్ధం చెప్పలేదు. నేనే "అక్కడక్కడ" అన్న మాటనూ, "వచ్చు" అన్న తోకనూ మింగేశాను. ఆ రెండింటినీ వాతావరణ శాస్త్రం ఎందుకు వదులుకోలేకపోతున్నది? ఎప్పటికైనా వదులుకోగలదా? వృత్తిరీత్యా లెక్కల పంతులునైన నేను ఈ ప్రశ్న వెంట పడి చదివిన సంగతులలో కొన్ని ఇక్కడ రాస్తున్నాను. దారి కొంచెం చుట్టుదారి. కొండల మీదుగా పోతుంది. కాని మా పొలం మీదికి వచ్చే గాలి కూడా కొండల మీదుగానే వస్తుంది కదా.

* * *

కథ ఒక మబ్బుతో మొదలవుతుంది. ఇప్పుడు పోలండులో ఉన్న యెలెన్యా గూరా పట్టణం రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలోని హిర్ష్‌బర్గ్. దానికి దక్షిణంగా రీజెన్‌గెబిర్గె అనే పర్వతశ్రేణి ఉన్నది. కొండలకు ఆవలి నుంచి దక్షిణపు గాలి బలంగా వీచే రోజులలో, కొండకు ఈవలి వైపున ఒక పొడవాటి మబ్బు పుట్టి గంటల తరబడి ఒకే చోట నిలబడి ఉండేది. గాలి ఎంత జోరుగా వీచినా అది కదిలేది కాదు. ఆ ప్రాంతపు రైతులు ఆ మబ్బుకు మోట్సగోటిల్ అని పేరు పెట్టుకున్నారు. గోట్లీబ్ మోట్స్ అనే రైతు దానిని చూసి వాతావరణం ఎలా మారబోతున్నదో చెప్పేవాడనీ, అతని పేరే యాసలో అలా మారిందనీ చెబుతారు. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి పెద్దలు గుర్తుకువచ్చారు. ఆకాశాన్ని పుస్తకంగా చదివే రైతులు అన్ని దేశాలలోనూ ఉన్నారన్నమాట.

1933 మార్చిలో వోల్ఫ్ హిర్త్, హాన్స్ డాయిచ్‌మన్ అనే గ్లైడరు చోదకులు ఆ మబ్బు దరిదాపులలోకి వెళ్ళారు. గ్లైడరుకు ఇంజను ఉండదు; గద్దలాగా, పైకి లేచే గాలిని వెతుక్కుంటూ ఎగరాలి. సాధారణంగా గాలి కొండను తాకే వైపున పైకి లేస్తుంది. కాని వారికి కొండ దాటిన తరువాత, అంటే గాలి కిందికి దిగజారవలసిన వైపున, నున్నగా, కుదుపు లేకుండా, ఎంతో ఎత్తుకు ఎత్తే గాలి దొరికింది. ఇది ఎవరూ ఊహించని విషయం.

ఆ వింతను శాస్త్రంగా మలచినవాడు యోఆఖిం క్యూట్నర్. 1909లో పుట్టిన ఈయన మొదట న్యాయశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నాడు. తరువాత ఆ చదువు కట్టిపెట్టి వాతావరణ శాస్త్రంలో చేరాడు. 1937లో అదే కొండల దగ్గర ఎగురుతున్న గ్లైడర్లలోని ఎత్తును నమోదు చేసే పరికరాల గీతలను పోగుచేసి, గాలి కొండ వెనుక ఎక్కడ లేస్తున్నదో ఎక్కడ దిగుతున్నదో పటం గీశాడు. ఆ పటంలో కనబడినది ఒక అల. దాని వెనుక మరొక అల. దాని వెనుక ఇంకొకటి.

* * *

ఏటి ఒడ్డున పెరిగినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. నీటిలో మునిగి ఉన్న బండరాయి మీదుగా నీరు పారేటప్పుడు, రాయి దాటిన తరువాత నీటిపైన కొన్ని ముడతలు ఏర్పడతాయి. నీరు పారిపోతూనే ఉంటుంది, ముడతలు మాత్రం అక్కడే నిలిచి ఉంటాయి. గాలిలోనూ అంతే. పైపొరలు తేలికగా, కిందిపొరలు బరువుగా కుదురుకొని ఉన్న గాలిని కొండ పైకి నెట్టినప్పుడు అది చల్లబడి, చుట్టుపక్కల గాలి కన్నా బరువెక్కి, తిరిగి కిందికి పడుతుంది. ఆ ఊపులో తన స్థానం దాటి కిందికి పోయి, అక్కడ వేడెక్కి తేలికై మళ్ళీ లేస్తుంది. నీటిలో తేలే చెక్కను అదిమి వదిలితే పైకీ కిందికీ ఊగినట్లు ఊగుతుంది. ఈ ఊగులాట కాలాన్ని 1920లలో ఫిన్లండుకు చెందిన వైసాలా, బ్రిటనుకు చెందిన బ్రంట్ వేరువేరుగా లెక్కకట్టారు. మామూలు పరిస్థితులలో అది సుమారు పది నిమిషాలు.

లెక్కల పంతులు అలవాటు చొప్పున ఒక చిన్న లెక్క చేస్తాను. గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో వీస్తున్నదనుకోండి. పది నిమిషాలంటే 600 సెకన్లు. ఒక ఊగు పూర్తయ్యేలోగా గాలి 20 × 600, అనగా 12 కిలోమీటర్లు ముందుకు పోతుంది. అదే అల పొడవు. అల శిఖరం దగ్గర గాలి చల్లబడి ఆవిరి మబ్బుగా మారుతుంది; దిగేటప్పుడు మబ్బు మళ్ళీ ఆవిరైపోతుంది. ఒక కొసన పుడుతూ ఒక కొసన చస్తూ ఉన్న మబ్బు మనకు కదలనట్టు కనిపిస్తుంది. మోట్సగోటిల్ రహస్యం ఇంతే.

ఈ అలలకు మరొక గుణం ఉన్నది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది గనుక, అదే శక్తిని మోసే అల పైపైకి పోతూ పెద్దదవుతుంది. చివరకు ఒడ్డుకు చేరిన సముద్రపు అలలాగా విరుచుకుపడుతుంది. ఈ విరుగుడే ఇక ముందు కథకు మూలం.

* * *

అలలను ఇలా కనుగొనడానికి ముందే, వాతావరణాన్ని లెక్కకట్టి చెప్పవచ్చునన్న సాహసం ఒకటి జరిగి, విఫలమై ఉన్నది. దానిని చేసినవాడు ఇంగ్లండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. క్వేకరు మతస్థుడు గనుక మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టనన్నాడు; ఫ్రాన్సులో క్షతగాత్రులను మోసే దళంలో చేరాడు. అక్కడ తీరిక వేళల్లో కాగితం, కలంతో 1910 మే 20వ తేదీ నాటి వాతావరణాన్ని ఆరు గంటల పాటు ముందుకు గుణించాడు. రాతప్రతి 1917లో యుద్ధం మధ్య పోయింది. నెలల తరువాత బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికింది. 1922లో పుస్తకంగా అచ్చయింది.

ఆయన లెక్క ప్రకారం ఆరు గంటలలో వాయుపీడనం 145 హెక్టోపాస్కల్స్ పెరగాలి. నిజానికి ఆనాడు పీడనం దాదాపు కదలలేదు. ఇంత ఘోరంగా తప్పిన లెక్కను దాచుకోకుండా అచ్చువేసిన మనిషి నిజాయితీకి చేతులెత్తి నమస్కరించాలి. లెక్క తప్పడానికి కారణం ఆయన సమీకరణాలు కావు. ఆయన మొదలుపెట్టిన గాలి వేగాలకూ పీడనాలకూ పొంతన కుదరలేదు. ఆ పొంతనలేమి నుంచి లెక్కలో లేనిపోని అలలు పుట్టి చెలరేగాయి. అవి కొండ వెనుక పుట్టే అలల జాతివే: బరువు వలన ఊగే గాలి అలలు.

1948లో జూల్ చార్నీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. పెద్ద పెద్ద వాయుగుండాలు నెమ్మదిగా కదులుతాయి, ఈ అలలు వేగంగా కదులుతాయి. కనుక అలలు అసలు పుట్టడానికే వీలులేని విధంగా సమీకరణాలను వడగట్టితే సరిపోతుంది. 1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, వాన్ నాయ్‌మన్ కలిసి ఎనియాక్ అనే తొలితరం కంప్యూటరు మీద ఆ వడగట్టిన సమీకరణాలతో 24 గంటల ముందస్తు సూచనలు తయారుచేశారు. ఒక్కొక్క దానికి పట్టిన కాలం కూడా దాదాపు 24 గంటలే! రేపటి సంగతి రేపటికి తెలిసింది. అయినా ఆ సూచనలు బాగానే కుదిరాయి. అలా అలలను గడప బయటికి నెట్టిన తరువాతనే వాతావరణ గణితం ఇంట్లో కాలు పెట్టింది. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. గడప బయట నిలబడినవి ఊరుకోలేదు.

* * *

యుద్ధం తరువాత అమెరికాకు చేరిన క్యూట్నర్ 1951-52లో కాలిఫోర్నియాలోని బిషప్ పట్టణం దగ్గర సియెరా తరంగ పరిశోధనలో ప్రముఖ పాత్ర వహించాడు. అక్కడ సియెరా నెవాడా పర్వతాలు తూర్పువైపు ఓవెన్స్ లోయలోకి దాదాపు మూడు కిలోమీటర్ల గోడలాగా దిగుతాయి. 1952 మార్చి 19న లారీ ఎడ్గర్, హెరాల్డ్ క్లీఫర్త్ అనే ఇద్దరు ఇంజను లేని ప్రాట్-రీడ్ గ్లైడరులో 44,255 అడుగుల ఎత్తుకు ఎక్కారు. ఎవరెస్టు శిఖరం 29,000 అడుగుల పైచిలుకు అని గుర్తుచేసుకుంటే వారిని ఎత్తినది ఎంతటి అలో తెలుస్తుంది.

అయితే ఆ నున్నని అల కింద, నేలకు దగ్గరగా, రోటరు అనే సుడి తిరుగుతూ ఉంటుంది. 1955 ఏప్రిల్ 25న అదే ఎడ్గర్ గ్లైడరు అటువంటి సుడిలో చిక్కి గాలిలోనే ముక్కలయింది. ఆయన పారాషూటుతో ప్రాణాలు దక్కించుకున్నాడు.

1964 జనవరి 10న కొలరాడో రాష్ట్రపు కొండల దగ్గర, కుదుపులను కొలవడానికే పరికరాలు అమర్చుకుని ఎగురుతున్న బి-52 బాంబరు తోకలోని నిలువు రెక్క విరిగి ఊడిపోయింది. చక్ ఫిషర్ అనే చోదకుడు ఆ రెక్క లేకుండానే విమానాన్ని గంటల తరబడి నడిపి, అర్కాన్సాలో క్షేమంగా దించాడు.

అందరికీ అంత అదృష్టం ఉండదు. 1966 మార్చి 5న బ్రిటిష్ బోయింగ్ 707 ఒకటి టోక్యో నుంచి హాంకాంగుకు బయలుదేరింది. ముందురోజు అదే విమానాశ్రయంలో మరొక విమానం కూలింది. దాని శకలాల పక్కనుంచే ఇది పరుగెత్తి లేచింది. ఆకాశం నిర్మలంగా ఉన్నది. ఫుజి పర్వతం తెల్లగా, స్పష్టంగా కనిపిస్తున్నది. ఆ నిర్మలమైన ఆకాశంలోనే, పర్వతానికి గాలివాలు వైపున, విమానం ముక్కలై గోటెంబా దగ్గర అడవిలో పడింది. 124 మంది చనిపోయారు. ఒక ప్రయాణికుని చలనచిత్ర కెమెరాలో దొరికిన ఫిలిం చివరిలో పర్వత దృశ్యాలున్నాయి. వెతకడానికి వెళ్ళిన అమెరికన్ నౌకాదళపు విమానం కూడా అక్కడ భయంకరమైన కుదుపులకు గురి అయింది. మబ్బు లేదు, ఉరుము లేదు, ముందు చెప్పే గుర్తు ఏదీ లేదు. మోట్స్ రైతుకు కనిపించిన మబ్బు కూడా వారికి కనబడలేదు. గాలిలో తేమ లేకపోతే అలకు మబ్బు టోపీ ఉండదు.

అలలు ఉన్నాయని తెలుసు. ఎక్కడ పుడతాయో తెలుసు. కొండలు కదలవు కదా! ఎప్పుడు, ఎంత బలంతో విరుగుతాయన్నదే ప్రశ్న. దీనికి కొంత సమాధానం 1972 జనవరి 11న దొరికింది. ఆ రోజు కొలరాడోలోని బౌల్డరు పట్టణం మీదికి రాకీ పర్వతాల నుంచి ప్రచండమైన గాలి దిగింది. ఆ పట్టణంలోనే జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం ఉన్నది. డగ్లస్ లిల్లీ, ఎడ్వర్డ్ జిప్సర్ మొదలైనవారు పరిశోధక విమానాలను ఆ గాలిలోకి పంపి, అలను పొరపొరగా కొలిపించారు. గాలి పొరలు కొండ దాటగానే కిలోమీటర్ల లోతుకు జలపాతంలాగా దూకి, మళ్ళీ నిట్టనిలువుగా లేస్తున్నట్టు ఆ కొలతల చిత్రంలో కనిపిస్తుంది. 1975లో క్లెంప్, లిల్లీ. 1977లో క్లార్క్, పెల్టియర్ ఆ జలపాతం ఎలా పుడుతుందో గణితంతో వివరించారు. పైన విరిగిన అల ఒక మూతలాగా పనిచేసి, శక్తిని కిందికే మళ్ళించి, కొండవాలు మీద గాలిని తుఫానుగా మారుస్తుంది. ఆ ఒక్క రోజు కొలతలు ఆ తరువాత దశాబ్దాల పాటు ఈ శాస్త్రానికి పరీక్షపత్రంగా ఉపయోగపడ్డాయి.

* * *

ఇక్కడ కథలోకి రెండవ పాయ వచ్చి కలుస్తుంది. ఎడ్వర్డ్ లొరెంజ్ గణితం చదువుకుని, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి వాతావరణ సూచనలు చెప్పినవాడు. 1961లో ఎం.ఐ.టి.లో ఆయన దగ్గర రాయల్ మెక్‌బీ కంపెనీ కంప్యూటరు ఒకటి ఉండేది. అందులో పన్నెండు సమీకరణాలతో ఒక బొమ్మ వాతావరణాన్ని నడిపించేవాడు. ఒకనాడు పాత లెక్కను మధ్యనుంచి మళ్ళీ చేయదలచి, కాగితం మీద అచ్చయిన అంకెలను ఎక్కించి, కాఫీ తాగడానికి వెళ్ళాడు. వచ్చి చూసేసరికి బొమ్మ వాతావరణం మునుపటి దారి వదిలి పూర్తిగా వేరొక దారిన పోయి ఉన్నది. యంత్రం చెడిందేమో అనుకున్నాడు. చెడలేదు. యంత్రం లోపల అంకె 0.506127, కాగితం మీద అచ్చయినది 0.506. ఆ చివరి మూడు స్థానాలే కొంప ముంచాయి.

1963లో ఈ విషయాన్ని ఆయన మూడు సమీకరణాలకు కుదించి ప్రచురించాడు. 1972 డిసెంబరులో చేసిన ఉపన్యాసానికి, బ్రెజిలులో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాసులో సుడిగాలి పుడుతుందా అన్న ప్రశ్న శీర్షిక అయింది. ఆ శీర్షిక పెట్టినది సమావేశం నిర్వహించిన ఫిలిప్ మెరిలీస్. సీతాకోకచిలుక ప్రపంచమంతా తిరిగింది. కాని నా దృష్టిలో లొరెంజ్ రాసిన అతి ముఖ్యమైన వ్యాసం ఆ రెండింటి నడుమ, 1969లో వచ్చినది. అందులో ఆయన అడిగిన ప్రశ్న ఇది: కొలతలు ఇంకా ఇంకా మెరుగుపరుచుకుంటూ పోతే ముందుచూపు కూడా ఇంకా ఇంకా పెరుగుతూ పోతుందా?

పెరగదు అన్నది ఆయన సమాధానం. పెద్ద వాయుగుండంలో ఉన్న తప్పు రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. ఉరుముల మబ్బంత చిన్న కదలికలో ఉన్న తప్పు గంటలోపే రెట్టింపవుతుంది. అంతకన్నా చిన్నదానిలో నిమిషాలే. చిన్నదానిలోని తప్పు పెద్దదానిలోకి పాకుతుంది. మనం ఎంత చిన్న కొలత దాకా దిగి తప్పును తుడిచివేసినా, దానికన్నా చిన్న మూలలో మిగిలిన తప్పు అంతకన్నా వేగంగా ఎదిగి వస్తుంది. కొలిచే ఖర్చు కొండంత పెరుగుతుంది, దక్కే కాలం గోరంత. మొత్తం మీద రోజువారీ వాతావరణానికి హద్దు రెండు మూడు వారాలు. 2019లో ఫుచింగ్ జాంగ్ బృందం ఆధునిక కంప్యూటర్ నమూనాలతో చేసిన పరిశోధన కూడా సమశీతోష్ణ మండలానికి సుమారు రెండు వారాల హద్దునే చూపింది. మా అవ్వ సామెత పూర్తిగా నిజం కాదు. కాని పూర్తిగా అబద్ధమూ ఎన్నటికీ కాదు.

కొండల అలలకు వస్తే ఈ హద్దు మరీ ఇరుకు. 2006 మార్చి, ఏప్రిల్ నెలల్లో మళ్ళీ అదే ఓవెన్స్ లోయలో టీ-రెక్స్ అనే పెద్ద పరిశోధన జరిగింది. 1951లో అక్కడ గ్లైడరులో ఎగిరిన క్యూట్నర్, తొంభై ఆరేళ్ళ వయసులో, ఆ బృందంలో కూడా ఉన్నాడు! (ఆయన 2011లో, నూటొక్క ఏళ్ళ వయసులో మరణించాడు.) ఆ పరిశోధనలో కొలిచిన గాలితుఫానులను తీసుకుని 2009లో రైనెకె, డుర్రాన్ ఒక ప్రయోగం చేశారు. కొలతలలో సహజంగా ఉండే కొద్దిపాటి సందేహం మేరకు ఆరంభాన్ని అటూ ఇటూ మార్చి, ఒకే తుఫానును అనేకసార్లు లెక్కగట్టారు. పన్నెండు గంటలు తిరిగేలోగా కొన్ని లెక్కలలో ప్రచండమైన గాలి వచ్చింది, కొన్నింటిలో ఓ మోస్తరు గాలి మాత్రమే వీచింది. కొండ కదలకపోవచ్చు. కాని అల విరుగుతుందా లేదా అన్నది కత్తి అంచు మీది వ్యవహారం.

* * *

మరి గడప బయటికి నెట్టిన అలల సంగతి? కంప్యూటర్లు పెరిగి, నమూనాలు సూక్ష్మమయ్యేకొద్దీ ఒక వింత దోషం బయటపడింది. శీతకాలంలో ఉత్తరార్ధగోళపు పడమటి గాలులు లెక్కలో ఉండవలసిన దానికన్నా జోరుగా వస్తున్నాయి. ఏదో ఒక బ్రేకు లెక్కలోకి రావడం లేదు. ఆ బ్రేకు పర్వత తరంగాలే. కొండ గాలిని అడ్డుకున్నప్పుడు పుట్టిన అల, ఆ అడ్డగింపును పదుల కిలోమీటర్ల ఎత్తుకు మోసుకుపోయి, తాను విరిగిన చోట గాలికి పగ్గం వేస్తుంది. 1986లో పామర్, షట్స్, స్విన్‌బ్యాంక్. 1987లో మక్‌ఫర్లేన్ ఈ పగ్గాన్ని నమూనాలలో చేర్చే పద్ధతులు ప్రచురించారు. లెక్కలు చక్కబడ్డాయి. తొలి సూచన కుదరడానికి 1950లో బయటికి పంపవలసి వచ్చినవాటిని, మంచి సూచన కోసం ముప్పై ఆరేళ్ళ తరువాత పిలిచి పీట వేయవలసి వచ్చింది. చిన్నవి కదా అని విడిచిపెట్టిన లెక్క ఎప్పటికైనా మన దగ్గరికే వస్తుందని లెక్కల పంతులుగా నేను పిల్లలకు చెబుతూ ఉంటాను. ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1992 చివరలో ఐరోపా, అమెరికా వాతావరణ కేంద్రాలు మరొక పని మొదలుపెట్టాయి. ఒక్క సూచనతో సరిపెట్టుకోకుండా, ఆరంభాన్ని కొద్దికొద్దిగా మార్చి సూచనల గుంపును తయారుచేయడం. గుంపులో పదింట ఏడు వాన అంటే, వాన అవకాశం నూటికి డెబ్బై. లొరెంజ్ చెప్పిన హద్దును శాస్త్రం దాటలేదు. దానిని ఒప్పుకుని, సందేహాన్ని కూడా కొలిచి చెప్పడం నేర్చుకున్నది. ఇటీవల గ్రాఫ్‌కాస్ట్ వంటి కృత్రిమ మేధ నమూనాలు (2023) నిమిషంలోపే పది రోజుల సూచన ఇస్తున్నాయి. వేగం పెరిగింది గాని, హద్దు చెరిగిపోయిందని చెప్పడానికి తగిన ఆధారం లేదు.

* * *

ఇక మా పొలానికి వస్తాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అనంతపురం మీద వీచే గాలి అరేబియా సముద్రం నుంచి బయలుదేరినదే. అది పడమటి కనుమలను ఎక్కేటప్పుడు తన నీటిని అక్కడే కుమ్మరిస్తుంది. కనుమల మీది ఆగుంబెలో ఏడాదికి సుమారు 7,600 మిల్లీమీటర్ల వాన. కొండ దాటి కిందికి దిగిన గాలి వేడెక్కి, ఎండి, మా దాకా వచ్చేసరికి గాలి మాత్రమే మిగులుతుంది. మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు. ఆషాఢంలో చెట్లు విరిగేలా వీచే ఆ ఎండుగాలికి మా రామగిరి కొండల మీద మరలు తిరుగుతాయి, కరెంటు పుడుతుంది. గొర్రు మాత్రం అటకమీదే ఉంటుంది. పడమటి కనుమల మీద ఈ తరంగాల గణితాన్ని, అవి కురిపించే వానల గణితాన్ని 1960లలో ఆర్.పి. సర్కార్ అనే భారతీయ వాతావరణ శాస్త్రజ్ఞుడు చేశాడు. హిర్ష్‌బర్గ్ మబ్బును వివరించిన గణితమే, మా ఎండుగాలికి కూడా వర్తిస్తుందని తెలిసిన రోజున నాకు కలిగిన ఉద్వేగాన్ని ఇక్కడ మాటల్లో పెట్టలేను.

ఆశపడడానికీ చోటున్నది. ఉత్తర ప్రదేశులోని బలియా జిల్లాలో ఒక పల్లెలో పుట్టిన జగదీశ్ శుక్లా, చార్నీతో కలిసి 1981లో ఒక మాట చెప్పాడు. ఫలానా రోజున వాన పడుతుందా అన్నదానికి రెండు వారాల హద్దు ఉండవచ్చు గాని, మొత్తం ఋతుపవనం బలంగా ఉంటుందా బలహీనంగా ఉంటుందా అన్నది సముద్రపు ఉష్ణోగ్రత వంటి నెమ్మదిగా మారే విషయాల మీద చాలావరకు ఆధారపడుతుంది; కనుక దానిని నెలల ముందు కొంతవరకు చెప్పవచ్చు. "కొంతవరకు" అన్న మాటను ఈసారి నేను మింగలేదని పాఠకులు గమనించాలి.

మా నాయన ఇప్పుడు లేడు. పొలం మా తమ్ముడు చూస్తున్నాడు. కిందటి జూన్‌లో ఫోన్ చేసి, "అన్నా, ఈ సెల్లులో వాన అరవై పర్సెంటు అని చూపిస్తాండాది. అంటే పడతాదా, పడదా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "ఇట్లాంటి రోజులు పది వస్తే, ఆరు రోజులు పడుతుంది, నాలుగు రోజులు పడదు. ఈ రోజు ఆరులోదో నాలుగులోదో ఎవరికీ తెలియదు. పదును చాలకపోతే సగం చేనుకే విత్తనం వెయ్. మిగతా సగం తరువాతి వానకు ఉంచుకో" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాయనకు కూడా నువ్వు ఇట్లనే చెప్పింటే బాగుండు గదన్నా" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. ఊరికే, తోచినది అన్నాడు.

ఆ సాయంత్రం వాన పడింది. వాడి చేనులో కాదు, పక్క ఊళ్ళో. అక్కడక్కడ.